అక్లూజ్ దారిలో ఒక ద్రాక్షతోట బస

సోలాపూర్ తూర్పు పేటల్లోని మా తెలుగు ఇళ్లకు ద్రాక్షపండు కొత్తది కాదు. మాఘం వచ్చిందంటే అశోక్ చౌక్ దగ్గర తోపుడుబండ్ల మీద నల్లద్రాక్ష, పచ్చద్రాక్ష రాశులు పోసి అమ్ముతారు. ఊరికి ఉత్తరాన ఉన్న నాన్నజ్ గ్రామంలో నానాసాహెబ్ కాళే అనే రైతు తన తోటలో ఎంపిక చేసి పెంచిన శరద్ సీడ్‌లెస్, సోనాకా రకాలు జిల్లా దాటి ఎంతో దూరం పాకాయి గనుక, ద్రాక్ష మాకు గర్వకారణం కూడా. అయితే తినడానికి పండించే ద్రాక్ష వేరు, వైన్ కోసం పండించే ద్రాక్ష వేరు. ఆ తేడాను నేను దగ్గరగా చూసింది మాత్రం ఈ ఫిబ్రవరిలో, అక్లూజ్ వైపు ఒక రైతు కుటుంబం నడుపుతున్న చిన్న వైనరీలో, కోత జోరుగా సాగుతున్న రోజుల్లో బస చేసినప్పుడే. అక్కడి గదులు అందంగానే ఉన్నాయి. కానీ నా మనసుకు పట్టింది గదులు కాదు. అతిథులు ఉన్నారని అక్కడ ఏ పనీ ఆగకపోవడం, ఏ పనినీ అతిథుల కంట పడకుండా దాచకపోవడం.

సోలాపూర్ నుంచి మోహోళ్ మీదుగా పండరిపురం దాదాపు 75 కిలోమీటర్లు, అక్కడి నుంచి అక్లూజ్ మరో 40 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. మాఘ శుద్ధ ఏకాదశి యాత్రకు వచ్చిన వార్కరీల, అంటే కాలినడకన వచ్చే విఠోబా భక్తుల, రద్దీ తగ్గాక బయలుదేరాం గనుక, మా అత్తమ్మకు విఠోబా దర్శనం తొందరపాటు లేకుండా దొరికింది. పండరిపురం దాటినప్పటి నుంచి దారికి ఇరువైపులా చెరకే. నీరా నది కాలువల నీళ్లున్న ఈ మాళశిరస్ తాలూకా చక్కెర కర్మాగారాలకు పేరుపడిన ప్రాంతం. ఇక్కడ వైన్ ద్రాక్ష వేళ్లూనుకోవడం ఇటీవలి సంగతి. ద్రాక్షతో వైన్ తయారుచేసే పరిశ్రమకు మహారాష్ట్ర ప్రభుత్వం 2001లో ప్రత్యేక విధానం ప్రకటించి, రాష్ట్రంలో పండిన ద్రాక్షతో చేసిన వైన్‌కు ఎక్సైజ్ సుంకం నుంచి మినహాయింపు ఇచ్చింది. ఆ వెలుగంతా మొదట నాశిక్ మీద పడినా, 2007లో ఫ్రాతెల్లి సంస్థ అక్లూజ్ దగ్గర తోటలు వేయడంతో మా జిల్లా పేరు కూడా వైన్ సీసాల మీదికి ఎక్కింది. ఆ సంస్థను ఇటలీ నుంచి వచ్చిన అన్నదమ్ములు, ఢిల్లీ అన్నదమ్ములు, అక్లూజ్ మోహితే పాటిల్ అన్నదమ్ములు కలిసి మొదలుపెట్టారు.

మేము దిగిన చోటు అంత పెద్దది కాదు. నల్లరాతి పునాది మీద కట్టిన పెంకుటిల్లు, దానికి ఆనుకుని అతిథులకు కొద్దిపాటి గదులు, వెనక వైపు వైన్ తయారయ్యే షెడ్డు ఉన్నాయి. గది తలుపు తీస్తే వసారా, వసారా దిగితే తోట. స్తంభాల మధ్య బిగించిన తీగలు మగ్గం మీద సాగదీసిన పడుగులా చూపు ఆనినంత మేర పోతుంటే, నేతపని ఇంట్లో పుట్టిన నాకు ఆ వరుసల మధ్య నడవడం ఎంతో హాయిగా అనిపించింది. ప్రతి వరుస చివరా ఒక గులాబీ మొక్క ఉంది. అది అలంకారం కోసం పెట్టింది కాదు. మా సోలాపూర్ రైతులు భూరి అని పిలిచే బూడిద తెగులు గులాబీ ఆకు మీద ముందుగా కనిపిస్తుందని, అది చూసి ద్రాక్షకు మందు కొట్టే సమయం తెలుసుకోవచ్చని యూరప్ తోటల్లో పూర్వం నుంచి ఉన్న అలవాటును ఈ ఇంటివాళ్లు కూడా పాటిస్తున్నారు.

కోత తెల్లవారకముందే మొదలవుతుంది. మా వైపు ఫిబ్రవరి చివరికే మధ్యాహ్నాలు మండిపోతాయి. ఎండలో కోసిన పండు వేడెక్కి, షెడ్డుకు చేరేలోపే గుత్తిలో పగిలిన గింజల్లో, అంటే పండ్లలో, పులియడం మొదలవుతుంది, సువాసన కూడా పోతుంది. అందుకే నుదుటికి దీపాలు కట్టుకున్న ఆడవాళ్లు చీకట్లోనే వరుసల్లోకి దిగి, చిన్న కత్తెరలతో గుత్తి కాడను టక్కున తెంపి, గుత్తిని క్రేటులోకి విసరకుండా అరచేతిలో పట్టుకుని దింపుతారు. వాళ్లు ఏ గుత్తిలోనైనా కుళ్లిన గింజ కనిపిస్తే అక్కడే గోటితో గిల్లి పారేయడం నేను వాళ్ల పక్కనే నిలబడి చూశాను. ఆ ఒక్క గింజ వల్ల తొట్టి మొత్తం పాడవుతుందా అని అడిగితే, ఒక్క గింజతో పాడుకాదని, ఒక్క గింజే కదా అని వదిలేసే అలవాటుతో పాడవుతుందని ఆ ముఠాను నడిపే పెద్దావిడ మరాఠీలో చెప్పింది.

తొలి వెలుగు వచ్చాక ఇంటి యజమాని మా చేతికి ఎర్ర వైన్ చేసే షిరాజ్ రకం గుత్తి ఒకటి ఇచ్చారు. మా బండ్ల మీద దొరికే ద్రాక్ష ముందు దాని గింజ శనగగింజ కన్నా కొంచెం పెద్దదిగా మాత్రమే ఉంది. తొక్క మందంగా ఉండి పంటికి గట్టిగా తగిలింది, లోపల విత్తనాలున్నాయి, తీపి మాత్రం నాలుక మీద దట్టంగా నిలిచిపోయింది. నల్లగా ఉన్న ఆ గింజను వేళ్ల మధ్య నొక్కితే బయటికి వచ్చిన రసానికి దాదాపు రంగే లేదు. ఎర్ర వైన్‌కు ఆ రంగు, నోరు పట్టే ఆ వగరు తొక్కల నుంచే రావాలి గనుకనే రసాన్ని తొక్కలతో కలిపి పులియబెడతారు. తెల్ల వైన్‌కైతే ముందే పిండి తొక్కలు తీసేస్తారు. తరువాత ఆయన జేబులోంచి బెత్తెడు గొట్టం లాంటి చక్కెర కొలిచే పరికరం తీసి, దాని గాజుపలక మీద ఒక చుక్క రసం వేసి, వెలుగు వైపు తిప్పి నా కంటికి ఆనించారు. నీలం, తెలుపు కలిసే గీత 23 దగ్గర నిలిచింది. నూరు గ్రాముల రసంలో సుమారు 23 గ్రాముల చక్కెర ఉందని దాని అర్థం. ఈస్ట్ ఆ చక్కెరనంతా తినేస్తే అది చివరికి సుమారు 13 శాతం ఆల్కహాలు ఉన్న వైన్ అవుతుంది. అంకె ఒక్కటే చూసి ఆయన కోతకు దిగరు. విత్తనం పచ్చదనం పోయి గోధుమ రంగుకు తిరిగిందా, కొరికితే కరకరమంటుందా అని కూడా చూస్తారు.

షెడ్డులో నేను ఎక్కువసేపు గడిపాను, ఆ సమయం నాకు చాలలేదు కూడా. కాడలు వేరుచేసే యంత్రం ఒక వైపు కాడలను కక్కుతుంటే, మరో వైపు నలిగిన పండ్లు గొట్టం గుండా స్టీలు తొట్లలోకి వెళ్తాయి. తెల్ల వైన్ తొట్లను చల్లని నీటి పొరతో 15 డిగ్రీల దగ్గర ఉంచుతారు, ఎర్ర వైన్ తొట్లు అంతకన్నా వెచ్చగా, 25 డిగ్రీలు దాటి ఉంటాయి. ఎర్ర తొట్టి పైమూత తీసి చూపించినప్పుడు, పులియడంలో పుట్టే వాయువు తొక్కలన్నిటినీ పైకి నెట్టి మందమైన అట్టు కట్టించింది. చెవి పెడితే దాని అడుగున సన్నని బుసబుస వినిపించింది. ఆ అట్టు ఎండితే పుల్లబడి వెనిగర్ వాసన పడుతుంది. అందుకని రోజుకు రెండు మూడు సార్లు అడుగు నుంచి రసాన్ని పంపుతో పైకి తోడి అట్టు మీద చల్లుతారు. ఆ పని చేసే అబ్బాయి అరచేతి గీతలన్నీ ఊదారంగుతో నిండిపోయి ఉన్నాయి, సబ్బుకు పోవట. ఆ వాయువు గాలి కన్నా బరువైనది గనుక నేలబారున పేరుకుని ఊపిరాడకుండా చేస్తుంది. ఫ్యాన్లు తిరగకుండా, పక్కన మరొకరు లేకుండా ఎవరూ తొట్టిలోకి దిగకూడదన్న నియమాన్ని అక్కడ గట్టిగా పాటిస్తున్నారు. ఇది చూసి నాకు ఆ ఇంటి మీద గౌరవం పెరిగింది.

మా అత్తమ్మ మెడలో విఠోబా భక్తులు వేసుకునే తులసిమాల ఉంది, అందుకే ఆమె వైన్ ముట్టదు. అలాంటివాళ్లకు ఇటువంటి చోట ఏం పని అని మా చుట్టాల్లో కొందరు ముందే అడిగారు. అక్కడ అందరికన్నా ఎక్కువ ఆనందించింది ఆమేనని నేను నిస్సందేహంగా చెప్పగలను. పిండే యంత్రం నుంచి అప్పుడే కారుతున్న తెల్లద్రాక్ష రసం ఆమెకు గ్లాసులో పట్టి ఇచ్చారు, నిల్వ ఉంచితే పులుస్తుంది గనుక అక్కడే తాగమన్నారు. రసం తాగి, కోత ముగించుకుని నీడలో కూర్చున్న ఆడవాళ్ల దగ్గరికి వెళ్లి, వచ్చీరాని మరాఠీలో కూలి ఎంతిస్తారని, మధ్యాహ్నం ఎప్పుడు వదులుతారని, పిల్లలను ఎవరి దగ్గర వదిలి వస్తారని అన్నీ అడిగి తెలుసుకుంది. చాలా ఏళ్లు బీడీలు చుట్టిన మనిషి కాబట్టి, మరొకరి చేతిపని లెక్క ఆమెకు ఇట్టే అందుతుంది.

వంటింట్లో మేము ఎదురుచూడని తెలుగు వినిపించింది. వంట చేసే ఆవిడ మా సోలాపూర్‌లో బీడీ కార్మికుల కాలనీ అయిన విడి ఘర్కుల్ నుంచి వచ్చినామె; భర్త ఆ తోటలో డ్రిప్పు గొట్టాలు చూసుకుంటాడు. “పెద్దమ్మా, సగం రొట్టెన్నా తినుండ్రి, పొయ్యి మీంచి ఇప్పుడే తీసిన” అంటూ ఆమె అత్తమ్మ పళ్లెంలో జొన్నరొట్టె వేసింది, ఇక మమ్మల్నందరినీ బంధువులుగానే చూసుకుంది. పొగలు కక్కే రొట్టె, వంకాయ కూర, రోట్లో నూనె తేలేదాకా దంచిన సోలాపూర్ శేంగా (వేరుశెనగ) చట్నీ, పచ్చి ఉల్లిపాయ మా భోజనం. ఆ చట్నీ ఘాటుకు షిరాజ్ కన్నా చల్లగా ఉన్న శెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ బాగా కుదిరిందని మా ఆయన అన్నారు, నేనూ రుచి చూసి ఆ మాటే సరైనదనుకున్నాను. అందులో మిగిలిన కొంచెం తీపి కారాన్ని సర్దుతుంది, షిరాజ్ వగరేమో కారాన్ని ఇంకా రెచ్చగొడుతుంది. మన వంటకు ఏ వైన్ సరిపోతుందో చెప్పేటప్పుడు జున్నుముక్కల పళ్లెం ముందు పెట్టే చోట్ల కన్నా, జొన్నరొట్టెతో పెట్టిన ఈ ఇల్లు నాకు నచ్చింది.

రాత్రి వసారాలో కూర్చుని యజమాని తోట లెక్కలు చెప్పారు. మా జిల్లాలో సాలుకు పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లే. వైన్ ద్రాక్షకు అది పెద్ద లోటు కాదు, మొరం నేలలో కొంచెం దాహంతో పెరిగిన తీగకే గింజ చిన్నదై రుచి చిక్కబడుతుంది. గుత్తులు ఎక్కువైతే కొన్నిటిని పచ్చిగా ఉండగానే తెంపి నేల మీద వదిలేస్తారు. ఎకరం నుంచి అన్నన్ని టన్నులు రావాలని అలవాటుపడిన ద్రాక్ష రైతుకు మొదట్లో ఇది ప్రాణం మీదికి వచ్చినట్టే ఉంటుందన్నారు. చలిదేశాల్లో తీగ శీతాకాలమంతా నిద్రపోతుంది. ఇక్కడ ఆ నిద్ర లేదు గనుక ఏడాదికి రెండుసార్లు కత్తిరించాలి. ఏప్రిల్‌లో చేసే ఖరడ్ ఛాటణీ కొత్త కొమ్మల కోసం, వానలు వెనకబట్టాక అక్టోబరులో చేసేది కాపు కోసం. పంట చేతికొచ్చే వేళ అకాల వర్షం పడితే గింజలు పగిలి ఏడాది కష్టం కొద్ది గంటల్లో పోతుంది. ఆయన ఈ మాట చెబుతూ కూడా లేచి ఆకాశం వైపు చూశారు.

కొన్ని చోట్ల ఫోటోల కోసం గది ముందు నాలుగు వరుసల తీగలు నాటి, వైన్ మాత్రం ఎక్కడి నుంచో తెప్పించి, దానికి ద్రాక్షతోట బస అని పేరు పెడుతున్నారు. అక్కడ మంచం మెత్తగానే ఉండవచ్చు, కానీ నేర్చుకోవడానికి ఏమీ ఉండదు. నిజంగా పని నడిచే చోట రాత్రిపూట ట్రాక్టరు వస్తుంది, తెల్లవారుజామునే క్రేట్ల చప్పుడు మొదలవుతుంది, షెడ్డు దగ్గర పులిసిన వాసన, దానికి మూగే చిన్న ఈగలు ఉంటాయి. ఇవి ఇబ్బంది అనుకునేవాళ్లు కోత లేని నెలల్లో వెళ్లడం మంచిది. అయినా నా సలహా అడిగితే జనవరి, మార్చి నెలల మధ్యే వెళ్లమంటాను. పగలు రుచి చూసి సాయంత్రమే బండి నడుపుకుంటూ సోలాపూర్ తిరిగొచ్చేవాళ్లు మా పేటలో ఉన్నారు, అది ప్రమాదం. వైన్ తాగేవాళ్లు రాత్రికి అక్కడే ఉండడం అన్ని విధాలా మేలు. మహారాష్ట్రలో వైన్‌కు 21 ఏళ్లు నిండాలన్న నియమం ఉంది గనుక, కాలేజీ పిల్లలను తీసుకెళ్లేవాళ్లు వాళ్లకు తాజా రసమే తాగించాలి.

గది మాట్లాడుకునేటప్పుడు ఆ వారం కోత ఉందా, ఏ రకం కోస్తున్నారు, షెడ్డులోకి రానిస్తారా అని ముందుగానే ఫోనులో అడగండి. రైలులో వచ్చేవాళ్లకు కుర్దువాడి జంక్షన్ గానీ పండరిపురం గానీ వీలుగా ఉంటుంది. తెల్లవారుజాము కోతకు ఒక స్వెటరు, మట్టి అంటినా పరవాలేదనుకునే చెప్పులు, ఊదా మరకలు పడినా బాధలేని పాత బట్టలు పెట్టుకుని వెళ్లండి.