ఖలీఫా: వెనకాల వచ్చినవాడు

ఖిలాఫత్, అంటే ఖలీఫా పదవి అనగానే మనకు సింహాసనాలు, ఇస్తాంబుల్ గుర్తొస్తాయి. 1924 మార్చి 3న టర్కీ పార్లమెంటు దాన్ని రద్దు చేసింది. చివరి ఖలీఫా రెండో అబ్దుల్ మజీద్ కూతురు దుర్రు షెహవార్ 1931లో పెళ్లయి నిజాం ఇంటి కోడలైంది. హైదరాబాద్ పురానీ హవేలీలో ఆమె పేరిట ఆసుపత్రి ఇప్పటికీ నడుస్తోంది. కానీ ఈ మాట రాజుల కంటే చాలా పాతది.

దివ్య ఖుర్ఆన్ రెండో సూరా (అధ్యాయం), 30వ ఆయత్‌లో (వాక్యంలో) అల్లాహ్ దైవదూతలతో భూమ్మీద ఒక ఖలీఫాను నియమించబోతున్నానంటాడు. అక్కడ అల్లకల్లోలం రేపేవాణ్ణి, రక్తం చిందించేవాణ్ణి పెడతావా అని వాళ్లు అడుగుతారు. మీకు తెలియనిది నాకు తెలుసు అన్నదే జవాబు. ఈ ఆయత్ చదివినప్పుడల్లా నాకు భయమేస్తుంది. ఆ అనుమానం మన గురించే కదా!

అరబ్బీలో ఈ మాటకు మూలం 'ఖల్ఫ్', అంటే వెనక. ఒకరి తర్వాత వచ్చి వారి స్థానంలో పని చేసేవాడు ఖలీఫా. సొంతదారు కాడు. 38వ సూరాలో ప్రవక్త దావూద్ అలైహిస్సలాంను ఖలీఫాగా చేశామని చెప్పిన వెంటనే, న్యాయంగా తీర్పు చెప్పు, మనసు లాగిన వైపు పోవద్దు అనే ఆజ్ఞ ఉంది.

632లో ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) కన్నుమూశాక పగ్గాలు హజ్రత్ అబూబక్ర్ (రజి) చేతికొచ్చాయి. ఎవరో "అల్లాహ్ ఖలీఫా" అని పిలిస్తే ఆయన ఒప్పుకోలేదట, దైవప్రవక్త ఖలీఫాను మాత్రమే అన్నారట. తర్వాత ఉమయ్యద్ వంశ పాలకుడు అబ్దుల్ మలిక్ ఆ "అల్లాహ్ ఖలీఫా" బిరుదునే తన నాణేలపై వేయించుకున్నాడు. తేడా అక్కడే తెలిసిపోతోంది.

అబూబక్ర్ బట్టల వ్యాపారి. ఖలీఫా అయ్యాక కూడా భుజాన బట్టలేసుకుని బజారుకు బయల్దేరారు. దారిలో హజ్రత్ ఉమర్ ఆపి, ఇంక ఈ పనెలా కుదురుతుందన్నారు. మరి పిల్లలకు తిండెలా అని ఈయన అడిగారు. అప్పుడు బైతుల్ మాల్ (ప్రజల ఖజానా) నుంచి ఇల్లు గడిచేంత భత్యం ఖరారైంది. తొలి ప్రసంగంలో, నేను మీలో ఉత్తముణ్ణేమీ కాను, తప్పు చేస్తే సరిదిద్దండి అని జనానికి చెప్పింది కూడా ఈయనే.

634లో చావు దగ్గరపడ్డాక, తన దగ్గరున్న ప్రజల సొత్తు ఏమేం ఉందో చూసి తన తర్వాత వచ్చేవారికి అప్పజెప్పమన్నారు. నీళ్లు మోసే ఒంటె, అరిగిన దుప్పటి కూడా అందులో ఉన్నాయి. అవి చేరగానే కొత్త ఖలీఫా ఉమర్ ఏడ్చారు. అల్లాహ్ అబూబక్ర్‌ను కరుణించుగాక, తన వెనక వచ్చేవాళ్ల పని ఎంత కష్టం చేసి వెళ్లారు అన్నారు.