కల్లు బందైన మూడో రోజు

పాలమూరు పల్లెల్లో మానసిక ఆరోగ్యం గురించి మాట్లాడేటప్పుడు డిప్రెషన్‌తో మొదలుపెడితే ఎవరూ వినరు. నేను కల్లుతో మొదలుపెడతాను. చెట్టు కల్లు వేరు, కల్తీ కల్లు వేరు. రెండోదాంట్లో ఆల్ప్రజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతారు. ఏళ్ల తరబడి తాగిన మనిషి ఒక్కసారిగా మానేస్తే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, ఫిట్స్ రావచ్చు, లేని మనుషులు కనిపించొచ్చు. ఇంట్లోవాళ్లేమో గాలి సోకిందనో, బాణామతి అనో తాయెత్తు కట్టిస్తారు. 2020 లాక్‌డౌన్‌లో కల్లు, మందు దొరక్క ఎంతోమంది హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి చేరింది ఈ తిప్పలతోనే.

"మరి మాన్పించొద్దా అక్కా?" అని కోడళ్లు అడుగుతారు. మాన్పించాలి, కానీ డాక్టరు చూస్తుండగా, మెల్లగా. ఈ మాట అనగానే అవ్వలకు నా మీద అనుమానం. "కల్లు తాగుమని చెప్పనీకి వచ్చినవా బిడ్డా?" ఒకావిడైతే మీటింగు అయ్యేదాకా నా వైపు చూడనే లేదు!

మగవాళ్లు రారు. చాలామంది ముంబైలోనో, పుణెలోనో పనుల మీద ఉంటారు. అందుకే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416 అందరికీ చెప్తాను. అది 2022 అక్టోబరులో మొదలైంది. డబ్బులు పడవు, రాత్రయినా ఎత్తుతారు.

"పిచ్చోళ్ల నంబరా?" అంటారు. నిద్ర పట్టకపోయినా చేయొచ్చు అంటాను. అప్పుడు ఫోన్లు బయటికి తీస్తారు.