ఒకే పేరు, వేర్వేరు ప్రాసెసర్లు: మా ల్యాబ్‌లో ఆటోఎఫ్‌ఎస్

ఒంగోలులో మేము నడుపుతున్న శిక్షణ కేంద్రంలో ఇంటెల్ డెస్క్‌టాప్‌ల పక్కనే, ఆర్మ్ ప్రాసెసర్‌తో నడిచే చిన్న కంప్యూటర్లైన రాస్ప్‌బెర్రీ పై బోర్డులు కూడా ఉన్నాయి. విద్యార్థి ఎక్కడ కూర్చున్నా తన ఫైళ్లు తనకు కనిపించాలి. మేము కంపైల్ చేసి పెట్టిన ప్రోగ్రాములు ఏ యంత్రంలోనైనా అదే దారిలో దొరకాలి. మొదటి అవసరాన్ని ఎన్‌ఎఫ్‌ఎస్ (సర్వర్‌లోని ఫైళ్లను నెట్‌వర్క్ మీదుగా మిగతా యంత్రాలకు అందించే పద్ధతి) తీరుస్తుంది. రెండోదానికి ఆటోఎఫ్‌ఎస్ (సర్వర్‌లోని డైరెక్టరీని అవసరమైనప్పుడే యంత్రానికి తగిలించే, అంటే మౌంటు చేసే, ప్రోగ్రాము) తోడు కావాలి.

సన్ మైక్రోసిస్టమ్స్ 1984లో తెచ్చిన ఎన్‌ఎఫ్‌ఎస్, రకరకాల యంత్రాలు కలిసి పనిచేయాలనే ఉద్దేశంతోనే పుట్టింది. అందులోని సందేశాలు ఎక్స్‌డీఆర్ అనే ఉమ్మడి పద్ధతిలో ప్రయాణిస్తాయి కనుక, బైట్ల వరుస వేరైన ప్రాసెసర్లు కూడా ఒకదాని మాట ఒకటి అర్థం చేసుకోగలవు. అయితే ఈ సర్దుబాటు సందేశాలకే పరిమితం. ఫైలు లోపలి బైట్లను ఎన్‌ఎఫ్‌ఎస్ ముట్టుకోదు. ఇంటెల్ కోసం తయారైన ప్రోగ్రామును పై బోర్డు మీద నడపబోతే 'ఎగ్జిక్ ఫార్మాట్ ఎర్రర్' అని ముఖాన కొడుతుంది.

దీనికి విరుగుడు ఆటోఎఫ్‌ఎస్ మ్యాపులోని, అంటే ఏ పేరుకు సర్వర్‌లోని ఏ డైరెక్టరీయో చెప్పే ఫైలులోని, ఒక్క వరుస. 'టూల్స్' అనే పేరుకు ఎదురుగా, సర్వర్‌లోని టూల్స్ డైరెక్టరీ దారి రాసి, చివర డాలర్ గుర్తుతో 'ఆర్చ్' అనే చరరాశిని పెడతాము. విద్యార్థి ఆ డైరెక్టరీలోకి అడుగుపెట్టిన క్షణంలో ఆ చరరాశి స్థానంలో, 'యూనేమ్' ఆదేశం ఆ యంత్రానికి చెప్పే పేరు, అంటే ఇంటెల్ డెస్క్‌టాప్‌లో ఎక్స్86_64, పై బోర్డులో ఏఆర్చ్64, వచ్చి చేరుతుంది. సర్వర్‌లోని ఆ పేరు గల ఉపడైరెక్టరీ మౌంటు అవుతుంది. మ్యాపు ఫైలు అన్ని యంత్రాలకూ ఒక్కటే. పాఠాలు, బొమ్మలు, ఫాంట్లు వంటివాటికి ప్రాసెసరుతో పని లేదు కనుక వాటికి ఈ చరరాశి పెట్టడం వృథా ప్రయాస.

ఒక చిక్కు మాత్రం ఉంది. 32 బిట్ల రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ కూడా 2023 నుంచి, పై 4 వంటి బోర్డుల మీద, 64 బిట్ల కెర్నల్ (ఓఎస్ మూలభాగం)తోనే మొదలవుతోంది. అప్పుడు యూనేమ్ ఏఆర్చ్64 అనే చెబుతుంది, కానీ లోపలి లైబ్రరీలన్నీ 32 బిట్లవే కనుక 64 బిట్ల ప్రోగ్రాములు అక్కడ నడవవు. అటువంటి బోర్డులలో ప్యాకేజీలను చూసుకునే 'డీపీకేజీ'ని అడిగితే 'ఆర్మ్‌హెచ్‌ఎఫ్', అంటే 32 బిట్ల ఆర్మ్, అని నిజం చెబుతుంది. ఆ విలువతో మన సొంత చరరాశిని తెరవెనుక నడిచే ఆటోఎఫ్‌ఎస్ ప్రోగ్రామైన ఆటోమౌంట్ డీమన్‌కు 'డీ' ఆప్షన్ ద్వారా అందించి, మ్యాపులో ఆర్చ్‌కు బదులు దానినే వాడటం మేలని నా అభిప్రాయం.

హోమ్ డైరెక్టరీని మాత్రం విడదీయకూడదు. విడదీస్తే నిన్నటి పని ఈ రోజు కనిపించదు. కానీ ఇంటెల్ యంత్రంలో పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (లైబ్రరీలను విడిగా ఉంచుకునే డైరెక్టరీ) తయారుచేసి అందులో నంపై అనే లెక్కల లైబ్రరీని పెట్టుకున్న విద్యార్థికి, అదే ఎన్విరాన్‌మెంట్ పై బోర్డు మీద పనికిరాదు, ఎందుకంటే నంపైలో కంపైలైన భాగాలు ఉంటాయి. కనుక కోడ్ హోమ్‌లోనూ, ఎన్విరాన్‌మెంట్లు ఏ యంత్రంవి ఆ యంత్రపు సొంత డిస్కులోనూ ఉంచాలని మా ల్యాబ్‌లో నియమం పెట్టాము.

యంత్రం లేచేటప్పుడు మౌంటు చేయాల్సినవాటి జాబితా అయిన ఎఫ్‌స్టాబ్‌లో రాస్తే సరిపోదా అని అడిగేవారు ఉన్నారు. కరెంటు పోయి వచ్చినప్పుడు పై బోర్డులు సర్వర్ కంటే ముందే లేచి కూర్చుంటాయి. ఎఫ్‌స్టాబ్ మౌంటు అప్పటికే విఫలమై ఉంటుంది. ఆటోఎఫ్‌ఎస్ అయితే ఎవరైనా తలుపు తట్టినప్పుడే మౌంటు చేస్తుంది, కొంతసేపు ఎవరూ వాడకపోతే తానే విప్పేస్తుంది. దీనివల్ల కొత్త విద్యార్థులకు ఒక భ్రమ కలుగుతుంది: ఈ మౌంట్లు ఉండే తల్లి డైరెక్టరీలో, జాబితా చూపే 'ఎల్‌ఎస్' ఆదేశం కొడితే ఏమీ కనిపించదు, "సార్, ఫోల్డర్లు పోయాయి" అంటూ వస్తారు. పేరు పూర్తిగా కొట్టి లోపలికి వెళ్లమంటే అన్నీ ఉంటాయి. ముందే పేర్లు కనిపించాలంటే ఆ మ్యాపుకు బ్రౌజ్ ఆప్షన్ పెడితే చాలు.