నేను పంపిన వీడియో

సిద్దిపేటలో నాకు చిన్న టైలరింగ్ షాపుంది. 2025లో బిగ్‌బాస్ తొమ్మిదో సీజన్‌కు సామాన్యులను తీసుకుంటున్నారని తెలియగానే నేనూ పేరిచ్చాను. ఆశ పుట్టడానికి కారణం ఉంది. 2023లో ఏడో సీజన్ గెలిచిన రైతుబిడ్డ పల్లవి ప్రశాంత్‌ది మా జిల్లానే, కొల్గూరు. ఆ రాత్రి మా ఇంట్లోవాళ్లే గెలిచినంత సంబరపడ్డాం.

వివరాలు నింపడం ఎంతసేపు! మనల్ని ఎందుకు తీసుకోవాలో చెబుతూ వీడియో పంపాలి. దానికే నాలుగు రోజులు పట్టింది.

మొదటి రోజు మిషన్ దగ్గర కూర్చునే మాట్లాడాను. పెళ్లిళ్ల రోజుల్లో రాత్రి రెండింటిదాకా బ్లౌజులు కుట్టడం, చంక దగ్గర పట్టేస్తే మొత్తం విప్పి మళ్లీ కుట్టడం, కొలతలిస్తూ ఆడవాళ్లు చెప్పుకునే కష్టసుఖాలు. తమ్ముడు చూసి, "అక్కా, ఇందుల కథ లేదు. నాయిన గురించి చెప్పు" అన్నాడు. వాడినేం తప్పుపట్టను. బిగ్‌బాస్ ఇంట్లోకి పంపేముందు వేసే ఏవీలు, అంటే పరిచయ వీడియోలు, మేమిద్దరం ఏళ్లుగా చూస్తున్నాం. కన్నీళ్లు లేని ఏవీ మాకైతే గుర్తులేదు.

నాలుగో రోజుకల్లా ఏ మాట దగ్గర ఆగితే గొంతు పూడుకుపోతుందో నాకు తెలిసిపోయింది. సరిగ్గా అక్కడే ఆగాను. నాన్న తాగుడు, అమ్మ పుస్తెలు కుదువపెట్టడం, అన్నీ చెప్పాను. ఒక్క అబద్ధం లేదు. కానీ అదే ఏడుపు అప్పటికి మూడుసార్లు ఏడ్చి ఉన్నాను. సామాన్యురాలినంటే నా పని చూస్తారనుకున్నాను. చూపించాల్సింది నా గాయమని నాకు నేనే తేల్చుకున్నాను, ఎవరూ అడగకుండానే. అదే ఇప్పటికీ బాధ.

ఫోన్ రాలేదు. ఆగస్టులో సామాన్యులను ఎంపిక చేసే పోటీ, అగ్నిపరీక్ష, మొదలైంది. జడ్జిలు నవదీప్, బిందు మాధవి, అభిజీత్ ముందు నిలబడ్డవాళ్లను చూసి అసూయపడ్డాను. వాళ్లలోంచే వచ్చిన జవాను కల్యాణ్ పడాల డిసెంబర్‌లో టైటిల్ గెలిస్తే మాత్రం మనసారా చప్పట్లు కొట్టాను.

ఈలోగా తమ్ముడి ఫోన్‌లో నా వీడియో అమ్మ కంటపడింది. చివరిదాకా చూసింది. అరవలేదు.

"మీ నాయిన తాగేటోడని అందరికి చెప్పాల్నా బిడ్డా? అప్పు జేసి నీకు మిషన్ కొనిచ్చింది గూడ ఆయననే గదా. అది చెప్పకపోతివి."

ఆ మిషన్ ముందు కూర్చునే మొదటి వీడియో తీశాను. తమ్ముడి ఫోనంతా వెతికాం. స్టోరేజ్ నిండిందని ఎప్పుడో తీసేశాడట.