నా ఫొటో ఎందుకు తీశారని అడిగితే నా మీదే విచారణ జరిపారు

రోడ్డు మీద ఆపి నా ముఖం ఫొటో తీసిన పోలీసులను, అది ఏ చట్టం ప్రకారం తీశారో, ఎక్కడ దాచారో, ఎప్పుడు తొలగిస్తారో చెప్పమని సమాచార హక్కు చట్టం కింద అడిగాను. మొదటి అప్పీలు మీద ఉత్తర్వు ఈ వారమే చేతికి వచ్చింది. ఇలాంటి దరఖాస్తు పెట్టాలనుకునేవారికి పనికొస్తుందని, జరిగింది జరిగినట్టు ఇప్పుడే రాస్తున్నాను. ఊరి పేరూ స్టేషన్ పేరూ రాయడం లేదు. తెలంగాణలో ఒక జిల్లా కేంద్రం అనుకుంటే చాలు.

నేను ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఒక రాత్రి స్టడీ అవర్లు ముగించుకుని బండి మీద ఇంటికి వస్తుంటే కూడలిలో తనిఖీ జరుగుతోంది. లైసెన్సు, ఆర్‌సీ చూపించాను, అన్నీ సరిగ్గానే ఉన్నాయన్నారు. ఆ తర్వాత హెల్మెట్ తీయమని, తల కొంచెం పైకెత్తమని చెప్పి ట్యాబ్‌తో ఫొటో తీశారు. ఎందుకని అడిగితే ‘అందరికీ తీస్తున్నాం’ అన్నారు. ట్యాబ్ తెర మీద ఒక చక్రం కాసేపు తిరిగింది, ‘ఏం లేదు, వెళ్ళండి’ అన్నారు. ఆ ‘ఏం లేదు’ అన్న మాటే నన్ను నిద్రపోనివ్వలేదు. అంటే అప్పటిదాకా నాలో ఏదో ఉండవచ్చన్న అనుమానంతోనే నా ముఖాన్ని నేరస్థుల జాబితాతో పోల్చి చూశారన్నమాట.

ముఖాలను గుర్తుపట్టే సాంకేతికతను తెలంగాణ పోలీసులు తమ టీఎస్‌కాప్ యాప్‌లో 2018లోనే ప్రవేశపెట్టారు. దాన్ని ప్రశ్నిస్తూ దాఖలైన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో హైకోర్టు 2022 జనవరిలో ప్రభుత్వానికి నోటీసు కూడా ఇచ్చింది. ఇక చట్టం సంగతికి వస్తే, 1920 నాటి ఖైదీల గుర్తింపు చట్టం స్థానంలో 2022లో వచ్చిన నేర ప్రక్రియ (గుర్తింపు) చట్టం ఫొటోలు, వేలిముద్రలు, కనుపాప ముద్రలు సేకరించి 75 ఏళ్ళ దాకా ఉంచుకునే అధికారం ఇస్తోంది. ఆ అధికారం శిక్ష పడినవారి విషయంలోనూ, అరెస్టయినవారి విషయంలోనూ, నిర్బంధంలో ఉన్నవారి విషయంలోనూ ఇచ్చినదే తప్ప, లైసెన్సు చూపించి ఇంటికి పోతున్నవాడి విషయంలో కాదు. అందుకే ఏ సెక్షన్ ప్రకారం తీశారన్నదే నా మొదటి ప్రశ్నగా పెట్టాను.

దరఖాస్తు రాయడం చాలా తేలిక. తెల్ల కాగితం మీద ప్రశ్నలు రాసి, పది రూపాయల పోస్టల్ ఆర్డర్ జతచేసి, పోస్టులో పంపాను. నేరుగా వెళ్ళి ఇవ్వకండి. తీసుకునేవాడు ఉండడు, ఉన్నా రసీదు ఇవ్వడు, ఇస్తే ముద్ర వేయడు.

గడువు 30 రోజులు. ఆ గడువులోగా నాకు జవాబు రాలేదు కానీ మా ఇంటికి కానిస్టేబుల్ వచ్చాడు. నేను కాలేజీలో ఉన్నాను. ముందు కింది వాటాలో ఉండే ఇంటి ఓనరుగారిని పిలిచి, పైన ఉండేవాళ్ళు ఎన్నేళ్ళుగా ఉంటున్నారు, అద్దె సరిగ్గా ఇస్తారా, ఇంటికి ఎవరెవరు వస్తుంటారు, రాత్రిళ్ళు మీటింగులేమైనా పెడతారా అని అడిగాడట. ఆ తర్వాత పైకి వచ్చి మా అమ్మను అవే ప్రశ్నలు అడిగాడు. అమ్మ ఆయన్ను కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. ‘మా అబ్బాయి ఏం చేశాడు బాబూ?’ అని అడిగితే, ‘ఏం లేదమ్మా, ఒక కాగితం పెట్టుకున్నాడు, ఎంక్వైరీకి వచ్చాను’ అన్నాడట. ఆయన చేతిలో ఉన్నది నా దరఖాస్తు జిరాక్స్ కాపీ. నాలుగు మడతలు పెట్టిన ఆ కాగితంలో నా ఫోన్ నంబరు కింద ఎర్ర సిరాతో గీత గీసి ఉందని నా భార్య చెప్పింది. పోయేముందు మా గుమ్మానికి, తలుపు మీది పేరు పలకకు ఫొటో తీసుకున్నాడు. ఒక ఫొటో ఎందుకు తీశారని అడిగిన పాపానికి ఇంకో ఫొటో తీసుకుపోయారు.

మర్నాడు ఫోను కాలేజీకి వెళ్ళింది. ప్రిన్సిపాల్‌గారు తన గదికి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, ‘మీ మీద ఏమైనా కేసుందా మాస్టారూ? మీరు ఎటువంటివారని అడుగుతున్నారు’ అన్నారు. కేసు లేదని, సమాచారం అడిగానని చెప్పాను. ఆయన చెడ్డవారు కారు. అయినా, ‘అడ్మిషన్ల సమయం, తల్లిదండ్రుల చెవిన పడితే బాగుండదు, ఇలాంటివి మనకెందుకు?’ అన్నారు. ఎన్నో ఏళ్ళుగా అదే కాలేజీలో పాఠాలు చెబుతున్న నేను, నా నడవడి మంచిదేనని ఆయన ఎదుట నిలబడి చెప్పుకోవలసి వచ్చింది. సాయంత్రం ఇంటికి వస్తే ఓనరుగారు ఎప్పటిలా పలకరించలేదు. నెల తిరగకుండానే, వాళ్ళ అబ్బాయి అమెరికా నుంచి వస్తున్నాడనీ వాటా కావాలనీ కబురు పెట్టారు. ఆ అబ్బాయి ఇప్పటికీ రాలేదు. మా అమ్మ మాత్రం వీధి గేటు చప్పుడైతే చాలు, ఎవరో చూడమంటోంది. నాకు జరిగిన నష్టం ఏమిటని తర్వాత ఒక అధికారి అడిగారు కాబట్టి ఇవన్నీ రాస్తున్నాను.

సమాచారం ఎందుకు కావాలో దరఖాస్తుదారు చెప్పనవసరం లేదని, సంప్రదించడానికి అవసరమైనవి తప్ప ఇతర వ్యక్తిగత వివరాలు అతన్ని అడగకూడదని సమాచార హక్కు చట్టం సెక్షన్ 6(2) స్పష్టంగా చెబుతోంది. నన్ను అడగకూడని ప్రశ్నలనే మా అమ్మను, మా ఓనరును, మా ప్రిన్సిపాల్‌ను అడిగారు.

పోలీసులు ఇంటికొచ్చి వాకబు చేయడం కొత్త విషయం కాదు. ఉత్తరప్రదేశ్‌లో దోపిడీ కేసులో సాక్ష్యం లేక 1941లోనే బయటపడిన ఖడక్ సింగ్ అనే ఆయన పేరు మీద పోలీసులు హిస్టరీ షీటు తెరిచి, వేళకాని వేళ ఇంటికి వచ్చి తలుపు తట్టేవారు. ఆయన సుప్రీంకోర్టుకు వెళితే 1962 డిసెంబరులో ధర్మాసనం రాత్రిపూట ఇంటికి వెళ్ళడాన్ని మాత్రం కొట్టేసి, మిగతా నిఘాను నిలబెట్టింది. ఆ బెంచిలో ఉన్న మన రాజమహేంద్రవరం బిడ్డ జస్టిస్ కోకా సుబ్బారావు గారు అందుకు ఒప్పుకోలేదు. వ్యక్తిగత గోప్యత స్వేచ్ఛలో విడదీయరాని భాగమని, నిఘా నీడలో తిరిగేవాడు స్వేచ్ఛగా తిరుగుతున్నట్టు కాదని వేరే తీర్పు రాశారు. జస్టిస్ షా ఒక్కరే ఆయన వెంట నిలిచారు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా తేల్చినప్పుడు, అంతకాలం మైనారిటీగా మిగిలిన ఆ అభిప్రాయమే సరైనదని నిలబడింది. ప్రభుత్వం మన గోప్యతలోకి చొరబడాలంటే దానికో చట్టం ఉండాలని, న్యాయమైన ప్రయోజనం ఉండాలని, ఆ ప్రయోజనానికి తగిన మోతాదులోనే చొరబాటు ఉండాలని ఆ తీర్పు చెప్పింది. ఒక తెలుగువాడు అరవై ఏళ్ళ కిందట మైనారిటీలో నిలబడి రాసిన మాటలు పట్టుకునే నేను అప్పీలు రాసుకున్నానని గర్వంగా చెప్పుకుంటాను.

జవాబు చివరికి వచ్చింది. నా ఫొటోకు సంబంధించిన రికార్డు తమ దగ్గర ఏదీ లేదని ఒక వాక్యం, మిగతా ప్రశ్నలకు జవాబిస్తే దర్యాప్తుకు ఆటంకం కలుగుతుంది కాబట్టి సెక్షన్ 8(1)(హెచ్) కింద నిరాకరిస్తున్నామని మరో వాక్యం. రికార్డే లేకపోతే ఏ దర్యాప్తుకు ఆటంకం? నా మీద దర్యాప్తు ఉంటే రికార్డు ఎందుకు లేదు? మొదటి అప్పీలులో ఇదే అడిగాను. దర్యాప్తు నడుస్తోందని అనడం ఒక్కటే చాలదని, సమాచారమిస్తే అది ఎలా దెబ్బతింటుందో చూపించాలని ఢిల్లీ హైకోర్టు 2007లో భగత్ సింగ్ కేసులో చెప్పిన సంగతి కూడా ఉదహరించాను. నిరాకరణ సరైనదేనని రుజువు చేసుకోవలసిన భారం అధికారిదేనని సెక్షన్ 19(5) చెబుతోందని గుర్తుచేశాను. విచారణ కాసేపట్లోనే ముగిసింది. పైఅధికారి కాగితం పూర్తిగా చదవకుండానే, ‘ఫొటో తీస్తే మీకు నష్టమేమిటి, మీరు తప్పు చేయనప్పుడు భయమెందుకు?’ అన్నారు. అదే మాట తిప్పి నేను అడిగాను. మీరు చట్టప్రకారమే తీశారు కదా, ఆ సెక్షన్ ఏదో చెప్పడానికి భయమెందుకని. ఆ ప్రశ్న ఉత్తర్వులో నమోదు కాలేదు. అప్పీలు కొట్టేశారు.

మీరు దరఖాస్తు పెట్టేటట్టయితే, ‘ఎందుకు తీశారు’ అని అడగకండి, దానికి జవాబు చెప్పనవసరం లేదంటారు. ఏ ఉత్తర్వు ప్రకారం తీశారో దాని ప్రతి ఇవ్వమని, స్టేషన్‌లో ఏ రోజు సంగతులు ఆ రోజు రాసే జనరల్ డైరీలో ఆ తనిఖీకి సంబంధించిన పేజీ ప్రతి ఇవ్వమని అడగండి. చిరునామాగా ఇల్లు కాకుండా తెలిసిన వకీలు ఆఫీసు ఇవ్వగలిగితే ఇవ్వండి. ఇంట్లో పెద్దవాళ్ళకు ముందుగానే చెప్పి ఉంచండి. ఎవరైనా విచారణకు వస్తే పేరు, హోదా, ఎవరు పంపారో రాసి ఇవ్వమని అడగండి. రాసివ్వరు, కానీ అడిగారన్నది మీ అప్పీలులో పనికొస్తుంది.

రెండో అప్పీలుకు 90 రోజుల గడువుంది. ఈ ఆదివారం కూర్చుని రాష్ట్ర సమాచార కమిషన్‌కు రాస్తున్నాను. ఈసారి పాత ప్రశ్నలకు ఇంకొకటి కలిపాను. నా దరఖాస్తు మీద మా ఇంటికి, మా కాలేజీకి విచారణకు వెళ్ళమని ఎవరు, ఏ తేదీన, ఏ అధికారంతో ఆదేశించారో ఆ ఆదేశం ప్రతి ఇప్పించమని.