గారెకి టిక్ ఫీవర్, నాకు మాల్గుడి

పాలప్యాకెట్ల అబ్బాయి గేటు తీసినా గారె లేవలేదు. అప్పుడే అనుమానం వచ్చింది నాకు.

గారె నా కుక్క. హైదరాబాద్ పద్మారావునగర్‌లో మా వీధిదే. నాలుగేళ్ళ కింద ఒక వానరోజు మా మెట్ల కింద దూరి, మరి కదల్లేదు. బాగా వేగిన గారె రంగు. దానికి లోకంలో శత్రువులు లేరు. గ్యాస్ బండ తెచ్చేవాణ్ణీ, కరెంటు రీడింగు తీసేవాణ్ణీ తోకూపుకుంటూ ఇంట్లోకి పిలుచుకొస్తుంది. అలాంటిది గోడవైపు తిరిగి పడుకుంది.

దగ్గర్లోని క్లినిక్‌లో ముట్టుకోకుండానే ఎండదెబ్బ అని ఆకలి టానిక్ రాసిచ్చారు. జూలై ముసురులో ఎండదెబ్బేమిటో! రెండు రోజులు దానితోనే పోయాయి. అమ్మ ఖమ్మం నుంచి ఫోన్ చేసి ‘ఒక డోలో సగం విరిచి వెయ్యరాదూ’ అంది. వేసేదాన్నే, ఇంట్లో లేదు కాబట్టి బతికిపోయాం. డోలోలో ఉండే పారాసిటమాల్ కుక్కల కాలేయాన్ని దెబ్బతీస్తుందనీ, పిల్లులకైతే ప్రాణం మీదికే వస్తుందనీ తర్వాత డాక్టర్ చెప్పారు.

మూడోనాడు పొట్ట మీద ఆవగింజలంత ఎర్రచుక్కలు కనిపించాయి. మూడు ఆటోలు ‘కుత్తా నై మేడమ్’ అనేసి పోయాయి. నాలుగో ఆటోలో పెద్దాయన తన తువ్వాలే సీటు మీద పరిచి, ‘మా ఇంట్ల మేకలున్నయి బిడ్డా, ఎక్కు’ అన్నాడు.

నారాయణగూడ పశువుల ఆసుపత్రిలో జ్వరం చూస్తే 104. కుక్కలకి 101 నుంచి 102.5 దాకా మామూలేనట. ప్లేట్‌లెట్లు 62 వేలు, కనీసం రెండు లక్షలుండాలి. టిక్ ఫీవర్ అన్నారు. మా వైపు గోమార్లంటాం, పుస్తకాల్లో పిడుదులని రాస్తారు. అవి కుట్టినప్పుడు ఎర్లిషియా అనే క్రిమి రక్తంలోకి దిగి తెల్లకణాల్లో కాపురం పెడుతుంది. సెలైన్ ఎక్కించి, డాక్సీసైక్లిన్ గోలీలు 28 రోజులకి రాశారు. ‘హుషారొచ్చిందని మధ్యలో ఆపొద్దు. నీళ్ళు అరగంటకోసారి సిరంజితో కొంచెం కొంచెం పట్టు’ అన్నారు.

ఆఫీసుకి ‘ఇంట్లో పేషెంటున్నారు’ అని మెసేజ్ పెట్టాను. ఎవరని అడిగితే ‘మావాడు’ అన్నాను. అబద్ధమేం కాదు.

ఆ అరగంటల మధ్య ఏం చెయ్యాలో తోచక ఫోన్‌లో ఆర్.కె. నారాయణ్ కథల సీరియల్ ‘మాల్గుడి డేస్’ పెట్టాను. 1986లో దూరదర్శన్‌లో వచ్చినప్పుడు హిందీ ముక్క రాని మా అమ్మ కూడా ఒక్కటీ వదల్లేదట. ఒక్కో కథ ఇరవై నిమిషాల పైచిలుకు. అది అయిపోగానే ఒక సిరంజి నీళ్ళు. గడియారం చూసే పని తప్పింది. ‘తాననా తాననాన’ అని టైటిల్ పాట మొదలైతే గారె చెవి ఒకటి కదిలేది. తల మాత్రం లేపేది కాదు.

గోలీ మింగించడం ఒక యుద్ధం. మొదటిరోజు పెరుగన్నం ముద్దలో పెట్టాను. పాలూ పెరుగూ తగిలితే ఆ మందు ఒంటికి సరిగా పట్టదని చీటీ వెనకాల రాసే ఉంది, నేనే చూసుకోలేదు. రెండోరోజు ఉడికించిన కోడి కార్జం ముక్కలో దాచాను. నమిలింది, మింగింది, మూతి నాక్కుంది. తెరమీద, ఆ కథల్లోని కుర్రాడు స్వామికి నాన్నగా వేసిన గిరీశ్ కర్నాడ్ కళ్ళజోడులోంచి ఉరుముతున్నాడు. కాసేపటికి నా పాదం కింద ఏదో మెత్తగా తగిలింది. గోలీ! చెక్కు చెదరకుండా, పైన కార్జం పూత మాత్రం నాకేసి ఉంది. ఇక లాభం లేదని దవడ తెరిచి నాలుక వెనక్కి వేసి, మూతి మూసి గొంతు నిమిరాను. స్వామి చీకటి గదిలో దొంగ కాలు కొరికే కథ వచ్చేసరికి నా వేలికీ రెండు పళ్ళ గాట్లున్నాయి.

ఓనర్ ఆంటీ పైకొచ్చి ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసింది. దానికి లేని దగ్గు నాకొచ్చింది.

ఆ సీరియల్ తీసింది కర్ణాటకలో ఆగుంబెలో. తెరమీద ఆ తడి పెంకులు, కిటికీ బయట మా వీధి నీళ్ళు, రెండూ కలిసిపోయేవి. తీసిన శంకర్ నాగ్ 1990లో రోడ్డు ప్రమాదంలో పోయాడు, 35 ఏళ్ళకే. ఆ సంగతి తెలిశాక చూడటం వేరేగా ఉంటుంది.

నాలుగోరాత్రి నిద్ర రాక అరలోంచి నారాయణ్ కథల పుస్తకం తీశాను. అందులో అట్టిలా అనే కుక్క ఉంది. దొంగల భయంతో తెచ్చుకుంటే, అది దొంగనే ప్రేమించేస్తుంది. నగలతో పారిపోతున్న వాడి వెంట సంబరంగా పరిగెత్తి కాళ్ళకి అడ్డంపడుతుంది. వాడు బోర్లా పడతాడు, ఊరంతా కుక్కని మెచ్చుకుంటుంది. అచ్చం గారె! గట్టిగా చదివి వినిపించాను. వినలేదు, గురక పెట్టింది. అనారోగ్యంలో గురక పెట్టడం అదే మొదటిసారి.

ఆరోరోజు పొద్దున గేటు చప్పుడైంది. గారె ఊగుతూ లేచి తలుపు దాకా వెళ్ళి రెండుసార్లు తోకూపింది. ‘ఇదేంది, అరుస్తలేదు’ అన్నాడు పాలబ్బాయి. అది ఎప్పుడూ అరవదు బాబూ అన్నాను.

మందు మొదలెట్టిన తొమ్మిదోరోజు ప్లేట్‌లెట్లు లక్షా నలభై వేలు. స్వామి కథలన్నీ చూసేశాను. లాటరీలో రోడ్డు రోలర్ గెలుచుకున్నవాడి కథ మాత్రం అమ్మ వచ్చేదాకా దాచాను. గోలీలు ఇంకా పంతొమ్మిది రోజులకున్నాయి.