వదలడాన్ని కూడా కొలవాలి

పక్షవాతం వచ్చిన మనిషిని ఫిజియోథెరపీకి తీసుకొచ్చే ఇంటివారు నాతో ఎక్కువగా అనే మాట, "చెయ్యి గట్టిగా పట్టుకుంటున్నారండీ, ఇంక నయమైనట్టే కదా" అని. పర్లాకిమిడి వారైనా, మహేంద్రతనయ నది అవతల పాతపట్నం నుంచి వచ్చేవారైనా ఇదే అడుగుతారు. వారి ఆశ న్యాయమైనదే. అయితే పట్టు గట్టిపడిందని వ్యాయామం ఆపేస్తే, కోలుకోవడంలో అత్యంత కష్టమైన భాగం మిగిలిపోతుంది.

పట్టు బలాన్ని డైనమామీటరుతో, అంటే పిడిని పిండితే ఆ బలాన్ని కిలోల్లో చూపే పరికరంతో కొలుస్తాం. రోగిని కూర్చోబెట్టి, భుజం ఒంటికి దగ్గరగా, మోచేయి 90 డిగ్రీలకు వంచి ఉంచి, 3 సార్లు పిండించి సగటు తీస్తాం. కూర్చునే తీరు మారితే అంకె మారుతుంది కనుక ప్రతిసారీ ఒకే పద్ధతి పాటించాలి. కానీ ఆ అంకె ఎంత గట్టిగా పట్టుకోగలరో మాత్రమే చెబుతుంది; ఎంత అవసరమో అంతే పట్టుకోగలరా, అనుకున్న క్షణంలో వదలగలరా అన్నది చెప్పదు.

స్వీడన్‌కు చెందిన యోహాన్సన్, వెస్ట్‌లింగ్ 1984లో ప్రచురించిన పరిశోధన ఇక్కడ ఎంతో విలువైనది. ఆరోగ్యవంతుల వేళ్లు వస్తువు జారిపోకుండా ఉండటానికి కావలసినదానికంటే కొద్దిగా మాత్రమే ఎక్కువ బలం వాడతాయని, ఉపరితలం నునుపుగా ఉందా గరుకుగా ఉందా అన్నదాన్ని చర్మం ద్వారా గ్రహించి ఆ బలాన్ని సవరించుకుంటాయని వారు చూపించారు. పక్షవాతం తర్వాత స్పర్శ మందగించినా, మెదడు నుంచి చేతికి వచ్చే నాడీ మార్గం దెబ్బతిన్నా ఈ సవరింపు చెదురుతుంది. అందుకే స్టీలు గ్లాసును చక్కగా ఎత్తినవారే టీ కొట్టు కాగితం కప్పును నలిపేస్తారు. కండరాలు బిగుసుకున్నవారిలో వేళ్లు విప్పుకోవడం మరీ ఆలస్యమవుతుంది.

నేర్పును కొలవడానికి నాకు బాక్స్ అండ్ బ్లాక్ పరీక్ష ఇష్టం. మధ్యలో అడ్డుగోడ ఉన్న పెట్టెలో 150 చెక్క ఘనాలు, ఒక్కొక్కటి 2.5 సెంటీమీటర్లు, 60 సెకన్లలో ఒక్కొక్కటిగా ఎన్నింటిని అవతలి గదిలో వేయగలరో లెక్కిస్తాం. ముందు బాగున్న చేతితో, తర్వాత బలహీనమైన చేతితో. ప్రతి ఘనాన్నీ పట్టుకోవాలి, వదలాలి కూడా కనుక డైనమామీటరు దాచిన లోపం ఇందులో బయటపడుతుంది. వేళ్ల సూక్ష్మ కదలికలకు 9 రంధ్రాల్లో 9 పుల్లలు గుచ్చి మళ్లీ తీసే పరీక్ష ఉంది గాని, బలహీనత ఎక్కువగా ఉన్నవారు దాన్ని పూర్తి చేయలేరు.

మా పర్లాకిమిడి కొమ్ము పనికి, అంటే పశువుల కొమ్ములతో వస్తువులు చేసే కళకు పేరుంది. ఆ పని చేసే ఒక పెద్దాయనకు పట్టు బలం బాగానే తిరిగి వచ్చినా, ఆకురాయి కింద సన్నని కొమ్ము ముక్కను విరగకుండా నిలపడం ఆయనకు సాధ్యం కాలేదు. అప్పటి నుంచి ఆయన రికార్డులో కిలోల అంకె పక్కన మరో రెండు రాస్తున్నాను: నిమిషంలో దాటించిన ఘనాలు, "వదలండి" అన్నాక వేళ్లు పూర్తిగా విప్పుకోవడానికి పట్టిన సెకన్లు. ఆయన వ్యాయామంలో పిండే బంతిని తగ్గించి, కాగితం కప్పును నలపకుండా ఎత్తి దించడం, చిన్న వస్తువులను చెప్పిన చోట వదలడం చేర్చాను. సెకన్ల అంకె నెమ్మదిగా దిగుతోంది.